గీత ఆగిన చోటు

అర్ధరాత్రి దాటి గంటన్నర అయింది. తేదీ 2019 సెప్టెంబరు 7. బెంగళూరు పీణ్యాలోని ఇస్ట్రాక్ కేంద్రంలో శాస్త్రవేత్తలంతా ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చున్నారు. ఇస్రో ఛైర్మన్ కె. శివన్ అక్కడే ఉన్నారు. గ్యాలరీలో ప్రధాని నరేంద్ర మోదీ, ఆయనతో పాటు క్విజ్ పోటీలో గెలిచి దేశం నలుమూలల నుంచీ వచ్చిన బడిపిల్లలు. బయట దేశం టీవీల ముందు మేలుకునే ఉంది.

చంద్రుడి మీద దిగబోతున్న చంద్రయాన్-2 ల్యాండర్ పేరు విక్రమ్. ఇంతమందిలో దాన్ని నడుపుతున్నవాళ్లు ఒక్కరూ లేరు.

చంద్రుడు మనకు 3,84,000 కిలోమీటర్ల దూరం. రేడియో కబురు పోయి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. కిలోమీటర్లకు కిలోమీటర్లు దిగజారుతున్న యంత్రానికి ఇక్కడి నుంచి కుడి ఎడమలు చెప్పడం కుదరని పని. అందుకే దిగడం మొదలైన క్షణం నుంచి విక్రమ్ తన కంప్యూటర్ మాటే వింటుంది. గదిలో ఉన్నవాళ్లు ఎంతటి ఉద్దండులైనా ఆ పదిహేను నిమిషాలూ ప్రేక్షకులే. వాళ్లకు కనిపించేవి కొన్ని అంకెలు, కొన్ని గీతలు. చంద్రుడి మీద జరుగుతున్నదానికి ఆ గీతలే కళ్లు.

1.38కి దిగడం మొదలైంది. 1,471 కిలోల ల్యాండర్ 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 1,683 మీటర్ల వేగంతో పోతోంది. గంటల్లో చెప్పుకుంటే ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. ఆ వేగమంతా చంపుకుని నేల మీద మెత్తగా వాలాలి. అక్కడ గాలి లేదు గనక పారాచూట్ పనికిరాదు. ఇంజిన్లే బ్రేకులు. ఈ పదిహేను నిమిషాలు ఎంత భయంకరమైనవో శివన్ ముందే చెప్పి ఉన్నారు.

పెద్ద తెర మీద రెండు గీతలున్నాయి. ఎర్రది ముందే గీసి పెట్టినది, విక్రమ్ నడవాల్సిన దారి. పచ్చది అప్పటికప్పుడు పుడుతున్నది, విక్రమ్ నిజంగా నడుస్తున్న దారి. నిలువు గీట్ల మీద ఎత్తు, అడ్డం గీట్ల మీద దిగాల్సిన చోటికి దూరం. పచ్చగీత కొసన ఒక చుక్క. ల్యాండర్ పంపిన కొలత అందినప్పుడల్లా ఆ చుక్క ఒక అడుగు జరుగుతుంది, వెనకాల గీత అంతమేర పెరుగుతుంది.

మొదటి ఘట్టం బాగా గడిచింది. 30 కిలోమీటర్ల నుంచి 7.4 కిలోమీటర్లకు దిగింది. వేగం సెకనుకు 146 మీటర్లకు తగ్గింది. గదిలో చప్పట్లు. పచ్చగీత ఎర్రగీత మీద అతికించినట్టు పోతోంది.

2.1 కిలోమీటర్ల ఎత్తులో అది పక్కకు తప్పుకుంది.

మొదట తేడా కొంచెమే. చుక్క అలా కిందికి పోతూనే ఉంది, కాకపోతే ఎర్రగీతను ఒక పక్కన వదిలేసి పోతోంది. ఒక కిలోమీటరు దాటింది, అర కిలోమీటరు దాటింది. 335 మీటర్ల దగ్గర ఆగింది. అప్పుడు తెర మీదున్న అంకెల ప్రకారం కిందికి పడే వేగం సెకనుకు 59 మీటర్లు. నేల తాకేవేళకు అది రెండు మీటర్లకు మించకూడదు.

చుక్క ఇక కదల్లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. చుక్క ఆగిందంటే అర్థమేమిటి? ఆ రాత్రి టీవీ చూస్తున్న కోట్లమందిలో చాలామందికి వెంటనే అర్థం కాకపోవడానికి కారణం ఉంది. దిగే ప్రణాళికలోనే 400 మీటర్ల దగ్గర ఒకసారి, 100 మీటర్ల దగ్గర ఒకసారి గాల్లో నిలబడి కిందికి చూసుకునే ఘట్టాలున్నాయి. గాలి లేకపోయినా తెలుగులో గాల్లోననే అంటాం మరి. విక్రమ్ అలా నిలబడి ఉంటే తెర మీద చుక్క ఎలా ఉంటుంది? కదలకుండా ఉంటుంది. విక్రమ్ నుంచి కబురు రాకపోతే ఎలా ఉంటుంది? అప్పుడూ కదలకుండానే ఉంటుంది. నిలబడ్డదానికీ, నోరు పడిపోయినదానికీ ఆ బొమ్మలో తేడా లేదు.

తప్పు ఎవరిదీ కాదు. ఎత్తుకూ దూరానికీ గీసిన గ్రాఫు అది. అందులో కాలానికి చోటు లేదు. కాలం లేని బొమ్మలో మౌనం కనిపించదు.

*

తెర మీద కదిలే గీతలు రెండు జాతులు. విక్రమ్‌ది మొదటి జాతి: బొమ్మ కదలదు, చుక్క కదులుతుంది. రెండో జాతిలో బొమ్మే కదులుతుంది. మీ కంప్యూటర్లో టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ వాడకం చూడండి. కొత్త కొలత కుడి అంచున పుడుతుంది, పాతవన్నీ ఎడమకు జరుగుతాయి, ఎడమ అంచు చేరినవి రాలిపోతాయి. భూకంపాలు కొలిచేచోట, రేడియో టెలిస్కోపుల దగ్గర, కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూముల్లో రోజంతా జరిగేది ఇదే. ఆస్పత్రి ఐసీయూ మానిటర్ది ఇంకో పద్ధతి. చాలావాటిలో గీత జరగదు. ఒక సన్నని ఖాళీ పట్టీ ఎడమ నుంచి కుడికి పోతూ పాత గుండె గీతను తుడుస్తుంది, దాని వెంటే కొత్త గీత వస్తుంది. డాక్టరు చూస్తున్న అల కళ్ల ముందు నుంచి జారిపోకుండా ఉన్నచోటే ఉంటుందని ఆ ఏర్పాటు.

జరిగే గీతను గీయడం చూడ్డానికి చిన్న పని. చేయబోతే తెలుస్తుంది.

వచ్చిన ప్రతి కొలతనూ జాబితా చివర చేర్చుకుంటూ పోతే తెల్లారేసరికి మెమరీ నిండుతుంది. అందుకని లెక్కగట్టిన గదులతో ఒక చక్రం కడతారు. సెకనుకు పది కొలతల చొప్పున ఒక నిమిషం చూపించాలంటే 600 గదులు చాలు. ఇది తిరనాళ్లలో రంగులరాట్నం లాంటిది: కొత్తవాడు ఎక్కాలంటే పాతవాడు దిగాల్సిందే. రాట్నం పెద్దది కాదు, ఎన్నాళ్లు తిరిగినా.

తర్వాతది వేగం. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మ గీయడానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. అందులో చెరపడం, గీట్లు, అంకెలు, గీత, అన్నీ అయిపోవాలి. చూసేవాడి కళ్ల ముందే చెరిపి గీస్తే బొమ్మ రెపరెపలాడుతుంది. అందుకే కనిపించని పేజీలో పూర్తిగా గీసి, ఒక్కసారిగా ముందుకు తిప్పుతారు.

అసలు చిక్కు వేరే ఉంది. కొలతలు మన గడియారం ప్రకారం రావు. ఒకసారి టకటకా మూడు వస్తాయి, ఒకసారి అర సెకను ఏమీ రాదు. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ చేసేది ఒకటే: కొలత వచ్చినప్పుడల్లా బొమ్మను ఒక గీటు ఎడమకు జరపడం. పనిచేస్తున్నట్టే ఉంటుంది. కాకపోతే మూడు కొలతలు కలిసొస్తే గీత ఉరుకుతుంది, రాకపోతే నిలబడిపోతుంది. కంటికి ఇబ్బంది అనేది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, కొలతలు పూర్తిగా ఆగిపోయిన రోజున తెర మీద చక్కటి, నిండైన, నిశ్చలమైన గీత నిలిచి ఉంటుంది. కొత్తగా గదిలోకి వచ్చినవాడు చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటాడు.

సరైన పద్ధతిలో బొమ్మను జరిపేది గడియారం, కొలత కాదు. ప్రతి కొలత మీదా అది పుట్టిన సమయం రాసి ఉంటుంది. ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేస్తే, కుడి అంచు నుంచి ఎంత ఎడంగా చుక్క పెట్టాలో వస్తుంది. అప్పుడు కొలతలు వచ్చినా రాకపోయినా బొమ్మ సాఫీగా జరుగుతూనే ఉంటుంది. రాకపోతే కుడి అంచు దగ్గర ఖాళీ పుట్టి, క్షణక్షణానికీ వెడల్పవుతుంది. ఆ ఖాళీని మించిన హెచ్చరిక లేదు.

ఆ ఖాళీని పూడ్చాలనే తాపత్రయం కూడా మనుషులకుంటుంది. తిరిగి కబురు అందగానే పాత చుక్కనూ కొత్త చుక్కనూ తిన్నటి గీతతో కలిపేస్తారు. మధ్యలో ఏం జరిగిందో యంత్రానికి తెలియదు, గీత మాత్రం తెలిసినట్టు చెబుతుంది. ఇంకొందరు చుక్కల మధ్య నునుపైన వంపులు వేస్తారు. వంపు అందంగానే ఉంటుంది. ఒక్కోసారి అది ఏ కొలతా తాకని చోటికి, నేల కిందికి కూడా దిగి వస్తుంది. చుక్క కొలత, వంపు అలంకారం. ప్రాణాల మీదికొచ్చే పనిలో అలంకారానికి చోటివ్వకూడదని నా అభిప్రాయం. ఇందులో నాకు మొహమాటం లేదు.

*

ఆ రాత్రి విక్రమ్ గొంతు వింటున్న చెవి ఇంకొకటి ఉంది.

నెదర్లాండ్స్‌లో డ్వింగెలో అనే ఊరి దగ్గర 25 మీటర్ల రేడియో టెలిస్కోపు ఉంది. 1956లో మొదలైంది. పెద్ద పరిశోధనల నుంచి రిటైరయ్యాక, కామ్రాస్ అనే సంఘానికి చెందిన ఔత్సాహికులు దాన్ని బాగుచేసి నడుపుతున్నారు. బెంగళూరులో అర్ధరాత్రి దాటినా అక్కడ రాత్రి పదే అయింది. తేదీ ఇంకా సెప్టెంబరు 6. పళ్లెం చంద్రుడి వైపు తిరిగి ఉంది.

వాళ్లకు విక్రమ్ పంపే అంకెలు అక్కర్లేదు. దాని రేడియో స్వరం చాలు. రైలు దగ్గరకొస్తుంటే కూత హెచ్చుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. డాప్లర్ చెప్పిన ఆ సూత్రమే ఇక్కడా. విక్రమ్ వాడిన ఎస్-బ్యాండ్‌లో, మనవైపు వేగం సెకనుకు ఒక్క మీటరు మారితే పౌనఃపున్యం సుమారు ఏడు హెర్ట్జ్‌లు మారుతుంది. అంటే ఎక్కడో చంద్రుడి దగ్గర బ్రేకు పడితే ఇక్కడ గీత వంగుతుంది. ల్యాండర్ ఒక్క మాట చెప్పకపోయినా దాని నడక తెలుస్తుంది.

నేను చెప్పిన రెండో జాతి గీత ఇదే. ఒక పక్క పౌనఃపున్యం, ఇంకో పక్క కాలం. కాలం ఆగదు. విక్రమ్ స్వరం సన్నటి గీతగా వంపు తిరుగుతూ వచ్చింది. ఊహించిన డాప్లర్ గీతకు తగ్గట్టు ఇంజిన్లు వేగాన్ని తగ్గించిన వైనమంతా ఆ వంపులో ఉంది. మన గడియారంలో 1.50 అయ్యేసరికి గీత తెగిపోయింది. ఆ తర్వాత కాలం సాగింది, రేడియో హోరు సాగింది, గీత లేదు. అక్కడి ఖగోళ శాస్త్రవేత్త కేస్ బాసా ఆ గ్రాఫును అందరికీ కనబడేలా పెట్టారు. బెంగళూరు తెర మీద చుక్క ఆగితే చూసేవాళ్లకు సందేహం. డ్వింగెలో గ్రాఫులో సందేహానికి తావు లేదు.

బెంగళూరులో సుమారు రెండుంబావుకు శివన్ మైకు ముందుకొచ్చారు. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు విక్రమ్ అనుకున్నట్టే దిగిందని, ఆ తర్వాత భూకేంద్రాలతో సంబంధం తెగిపోయిందని, సమాచారాన్ని పరిశీలిస్తున్నామని చెప్పారు. తెల్లవారాక ప్రధాని భుజం మీద తల వాల్చి ఆయన కన్నీళ్లు పెట్టుకున్న దృశ్యం అందరికీ తెలిసిందే. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

కాని ఆ మర్నాటి నుంచే ఇంకో మాట మొదలైంది. టీవీలో చూసినవాళ్లు ఆ తెరను ఫొటోలు తీసి పెట్టుకున్నారు. 2.1 కిలోమీటర్ల దగ్గరే సంబంధం తెగితే పచ్చగీత 335 మీటర్ల దాకా ఎలా వచ్చింది? ప్రకటనలో మాటలను జాగ్రత్తగా చదివితే రెండూ పొసగవని చెప్పలేం. ‘అనుకున్నట్టే’ దిగింది 2.1 వరకు, తెగింది ఆ ‘తర్వాత’. కాని సామాన్యుడు విన్నది ఒకటి, చూసినది ఒకటి. అధికారిక వివరణ రావడానికి నెలలు పట్టింది. ఈలోపు జనం చేతిలో ఉన్న సాక్ష్యం ఆ పచ్చగీత ఒక్కటే. అది దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రత్యక్ష ప్రసారంలో ఆ తెరను చూపించే ధైర్యం చేసినందుకు ఇస్రోను మెచ్చుకోవాలి. చూపించాక వివరించడానికి అంతకాలం తీసుకోవడాన్ని మెచ్చుకోలేను.

నవంబరులో పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో ప్రభుత్వం చెప్పింది: రెండో ఘట్టంలో వేగం తగ్గాల్సిన దానికన్నా ఎక్కువగా తగ్గింది, దాంతో తర్వాతి ఘట్టం మొదలయ్యేసరికి పరిస్థితులు లెక్కకు అందకుండా పోయాయి, విక్రమ్ అనుకున్న చోటికి 500 మీటర్ల లోపే గట్టిగా పడింది. నాసా ఉపగ్రహం తీసిన ఫొటోలో శకలాలు దొరికినట్టు డిసెంబరులో ప్రకటన వచ్చింది. వాటిని మొదట పట్టుకున్నది చెన్నై ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్. పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పక్కపక్కన పెట్టి చుక్క చుక్క పోల్చి చూసిన ఓపిక ఆయనది.

అసలు గుట్టు 2023లో అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్. సోమనాథ్ విప్పి చెప్పారు. ఇంజిన్లు అయిదూ అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ తోపు ఇచ్చాయి. కెమెరాలు ఫొటోలు తీయడానికి ల్యాండర్ నిలకడగా ఉండాల్సిన వ్యవధిలో ఆ తేడాలు సరిదిద్దుకునే వీలు లేక పోగుపడ్డాయి. ఆ గడువు ముగిశాక ఒక్కపెట్టున సరిచేసుకోబోతే, ఎంత వేగంగా తిరగవచ్చో సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దు అడ్డొచ్చింది. దానికి తోడు, దిగడానికి చూపించిన చోటు 500 మీటర్ల చదరం. నేల దగ్గరపడుతున్నా అక్కడికే చేరాలని విక్రమ్ ముందుకు వేగం పెంచుకుంటూ పోయింది. పాపం, చెప్పిన పని తప్పకుండా చేయబోయింది.

ఈ కారణాల్లో ఒక్కటీ ఆ రాత్రి గ్రాఫులో కనిపించదు. గ్రాఫులో కనిపించేది ఫలితం. కారణం వెతకాలంటే తెర వెనక భద్రంగా ఉన్న అసలు కొలతలు కావాలి. తెర మీది రాట్నం నుంచి పాత కొలతలు దిగిపోవచ్చు గాని, డిస్కు మీద నుంచి ఒక్కటీ పోకూడదు. ఇస్రో దగ్గర అవి ఉన్నాయి.

*

2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. 2019లో అదే తీరం నుంచి చంద్రయాన్-2 లేచినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఈసారి తిరుపతి జిల్లా. మారినవి జిల్లా హద్దులొక్కటే కాదు. మధ్యలో ఉన్న అయిదో ఇంజిన్ తీసేశారు. దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. కాళ్లు సెకనుకు 3 మీటర్ల వేగాన్ని తట్టుకునేలా బలపరిచారు. వేగాన్ని సూటిగా కొలిచే లేజర్ పరికరం చేర్చారు. ఎక్కువ ఇంధనం నింపారు. హెలికాప్టర్‌కు, క్రేన్‌కు కట్టి పరీక్షలు చేశారు. అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన కాళహస్తి. చిత్తూరు జిల్లా మూలాలున్న ఆమె, దిగిన సాయంత్రం మైకు ముందు మాట్లాడినప్పుడు మనవాళ్లు ఎంత మురిసిపోయారో గుర్తుండే ఉంటుంది.

ఆగస్టు 23, సాయంత్రం 5.44. మళ్లీ అదే పీణ్యా, మళ్లీ 30 కిలోమీటర్ల ఎత్తు, మళ్లీ రెండు గీతలు. ప్రధాని జొహన్నెస్‌బర్గ్ నుంచి వీడియోలో చూస్తున్నారు. యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూస్తున్నారు. గీత పక్కనే అడ్డం వేగం, నిలువు వేగం అంకెల్లో కనిపిస్తున్నాయి. సుమారు 7.4 కిలోమీటర్ల దగ్గర మొదటి గండం గడిచింది. 2.1 దాటింది. గీత గీత మీదే ఉంది. 800 మీటర్ల దగ్గర నెమ్మదించింది. 150 మీటర్ల దగ్గర నిలబడి, కింద బండలు గుంటలు లేని చోటు తనే వెతుక్కుంది. 6.04కు దిగింది. భారత్ చంద్రుడి మీద ఉందని సోమనాథ్ ప్రకటించారు.

ఆ ప్రసారం ఇస్రో యూట్యూబ్ చానెల్లో ఇప్పటికీ ఉంది. వీలున్నప్పుడు చూడండి. 150 మీటర్ల దగ్గర చుక్క ఆగినట్టు అనిపించినప్పుడు గీతను వదిలేసి పక్కనున్న వేగం అంకెలను గమనించండి. అవి మారుతూనే ఉంటాయి. ల్యాండర్ మాట్లాడుతోందని చెప్పేది అవే.